పాస్‌పోర్టులో పుట్టిన ఊరు



మూడేళ్ళ కిందట మా అమ్మను వెంటబెట్టుకుని హైదరాబాదులో ఒక వీసా కేంద్రానికి వెళ్ళాను. అమెరికాలో మా చెల్లెలికి నెలలు నిండుతున్నాయి, పురిటికి అమ్మ వెళ్ళాలి. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. వేలిముద్రల దగ్గరికొచ్చేసరికి పని ఆగిపోయింది. అమ్మ నలభై ఏళ్ళు వరినాట్లు వేసిన మనిషి. బొటనవేలు, చూపుడువేలు అరిగి నున్నగా అయిపోయాయి. గాజుపలక మీద వేళ్ళు పెడుతుంది, తెర మీద తెల్లటి మచ్చ తప్ప గీతలు కనపడవు. అక్కడున్న అమ్మాయి తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమంది. గట్టిగా అదమమంది. చివరికి తనే అమ్మ వేళ్ళు పట్టుకుని ఒక్కొక్కటీ అదిమింది. అయిదోసారికి పడ్డాయి. మరుసటి వారం అమ్మ వీసా రావాలని మొక్కుకుని చిలుకూరు గుడికి వెళ్ళి పదకొండు ప్రదక్షిణలు చేసింది. వీసా వచ్చాక మళ్ళీ వెళ్ళి నూట ఎనిమిదీ పూర్తి చేసింది. ఆ రోజు వీసా కేంద్రం మెట్లు దిగుతూ అడిగిన మాట మాత్రం నాకు ఇప్పటికీ వినపడుతుంది. "నేను నేనేనని ఆ గాజుబిళ్ళ చెబితేగాని నమ్మరా నాయనా?"

దేశం దాటే ప్రతి మనిషినీ సరిహద్దు అడిగేది అదే. నువ్వు నువ్వేనా? నీ మాట నమ్మవచ్చా? పాస్‌పోర్టు అంటే, ఈ మనిషి మావాడు, నమ్మండి అని ఒక దేశం పడే పూచీ. వీసా కావాలనడం అంటే, మీ పూచీ మాకు చాలదు, మనిషిని మేమే విచారించుకుంటాం అనడం. దేశం చిన్నదైతే దాని పూచీ కూడా తేలికగానే తూగుతుంది. ఇవాళ అలాంటి ఒక చిన్న ద్వీపదేశం గురించి మీతో మాట్లాడతాను. దాని పేరు వనువాటు. ఆ దేశపు ప్రభుత్వాలు పాస్‌పోర్టును అమ్మకానికి పెట్టాయి. కొన్నది బయటివాళ్ళు. దెబ్బ తిన్నది అక్కడ పుట్టినవాళ్ళు.

ఆస్ట్రేలియాకు తూర్పున, పసిఫిక్ మహాసముద్రంలో, ఎనభైకి పైగా దీవులు కలిసి వనువాటు. నేలంతా కలిపితే 12 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే మన పాత కరీంనగర్ జిల్లా కంటే కాస్త పెద్దది. జనం మూడు లక్షల పైన, వరంగల్ నగరంలో ఉన్నంతమంది కూడా లేరు. రాజధాని పోర్ట్ విలా. కొన్ని దీవుల్లో అగ్నిపర్వతాలు ఇంకా పొగలు కక్కుతుంటాయి. అంత కొద్దిమంది జనంలో నూరుకు పైగా భాషలున్నాయి. వాళ్ళందరినీ కలిపేది బిస్లామా అనే భాష. మాటలు ఎక్కువగా ఇంగ్లీషు నుంచి వచ్చినవి, నడక మాత్రం దీవులది.

ఆ భాషలో ఒక సంగతి తెలుగువాళ్ళకు ఇట్టే అందుతుంది. మనింట్లో "మేం సినిమాకి వెళ్తున్నాం" అంటే నువ్వు రావడం లేదని అర్థం. "మనం సినిమాకి వెళ్తున్నాం" అంటే నువ్వూ లేచి చెప్పులు వేసుకోమని అర్థం. ఇంగ్లీషు 'వుయ్'లో గాని, హిందీ 'హమ్'లో గాని ఈ తేడా లేదు. బిస్లామాలో ఉంది. మేము అనడానికి 'మిఫలా', మనం అనడానికి 'యుమి'. 'యు' అంటే నువ్వు, 'మి' అంటే నేను. నువ్వూ నేనూ కలిస్తే మనం. వాళ్ళ జాతీయ గీతం పేరులోనే ఈ 'యుమి' మూడుసార్లు వస్తుంది.

ఒక దేశం 'మనం' అని మూడుసార్లు పలుకుతోందంటే ఊరికే పలకడం లేదు. అంతకుముందు 74 ఏళ్ళు వాళ్ళకు 'మనం' అని రాసుకునే కాగితమే లేదు.

1906లో బ్రిటన్, ఫ్రాన్సు ఆ దీవులను ఉమ్మడి పాలన కిందికి తెచ్చుకున్నాయి. అప్పటి పేరు న్యూ హెబ్రిడీస్. రెండు యంత్రాంగాలు, రెండు పోలీసు దళాలు, రెండు రకాల బళ్ళు. ఉమ్మడి న్యాయస్థానం ఒకటి పెట్టి, తమలో తమకు తగువు రాకుండా దానికి అధ్యక్షుణ్ణి స్పెయిన్ రాజు చేత నియమింపజేశారు. బయటి నుంచి వచ్చిన విదేశీయుడు ఎవరైనా సరే, బ్రిటిష్ చట్టం కింద ఉంటాడో ఫ్రెంచి చట్టం కింద ఉంటాడో తనే ఎంచుకోవచ్చు. ఆ నేల మీద పుట్టినవాడికి ఆ వీలు లేదు. అతను బ్రిటిష్ పౌరుడు కాడు, ఫ్రెంచి పౌరుడూ కాడు. తనదంటూ ఒక దేశం లేదు గనక ఏ దేశానికీ పౌరుడు కాడు. పైదేశం వెళ్ళాల్సి వస్తే బ్రిటిష్ కమిషనరు, ఫ్రెంచి కమిషనరు ఇద్దరూ సంతకాలు పెట్టిన గుర్తింపు కాగితం ఒకటి చేత్తో పట్టుకుని వెళ్ళాలి. తాతముత్తాతలు కాపురాలు చేసిన నేల మీద నిలబడి, నేను ఫలానా అని చెప్పుకోవడానికి ఇద్దరు పరాయివాళ్ళ చేవ్రాలు కావలసి వచ్చింది. వలస పాలన గురించి నేను చదివినవాటిలో నన్ను ఇంతగా కలచివేసిన వివరాలు కొద్ది.

అంతకు ముందు, అసలే కాగితమూ అక్కర్లేకుండా వాళ్ళను దేశం దాటించిన కాలం ఒకటుంది. 1863లో రాబర్ట్ టౌన్స్ అనే వ్యాపారి 'డాన్ జువాన్' అనే ఓడలో 67 మంది దీవులవాళ్ళను తెప్పించి, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండులో పత్తి చేలల్లో పనికి దింపాడు. ఆ తర్వాత చెరకు తోటలు వచ్చాయి. 1904 దాకా సుమారు 62 వేలమందిని అలా తీసుకెళ్ళారు. అందులో పెద్ద భాగం వనువాటు, సాలమన్ దీవులవాళ్ళు. ఒప్పందం అని చెప్పి వేలిముద్ర వేయించుకున్నవాళ్ళున్నారు, మాయమాటలు చెప్పి ఓడ ఎక్కించినవాళ్ళున్నారు, ఒడ్డు మీద నుంచి బలవంతాన ఎత్తుకుపోయినవాళ్ళూ ఉన్నారు. 1901లో ఆస్ట్రేలియా చట్టం చేసి, మీ పని అయిపోయింది పొమ్మని వేలమందిని తిప్పి పంపింది.

ఆ చెరకు తీపి వెనక మన కథా ఉంది. 1879 నుంచి 1916 దాకా అరవై వేలమందికి పైగా భారతీయులు ఫిజీ చెరకు తోటలకు వెళ్ళారు. 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఓడ ఎక్కించడం మొదలయ్యాక వాళ్ళలో తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. ప్రతి కూలీకీ ఒక ఎమిగ్రేషన్ పాసు రాశారు. పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది గుర్తులు. రాసినవాళ్ళు మనిషిని సరుకులా లెక్క కట్టుకోవడానికి రాసుకున్నారు. ఇవాళ ఆ కూలీల మునిమనవలు ఆ పాసుల్లో 'ఊరు' అని ఉన్న చోట వేలు పెట్టి, తమవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో వెతుక్కుంటున్నారు. పుట్టిన ఊరు రాసిన ఆ ఒక్క గడి వాళ్ళకు మిగిలిన ఆస్తి.

సరే, వనువాటుకు వద్దాం. 1980 జులై 30న స్వాతంత్ర్యం వచ్చింది. వాల్టర్ లిని అనే క్రైస్తవ మతగురువు తొలి ప్రధాని అయ్యాడు. 'వనువా' అంటే నేల, 'తు' అంటే నిలబడడం. నిలిచిన నేల అని పేరు పెట్టుకున్నారు. తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ నలుగురూ ఆ దీవుల తెగలవాళ్ళయితే నువ్వు పౌరుడివే అని రాజ్యాంగంలో రాసుకున్నారు. బయటివాళ్ళు పౌరులు కావాలంటే పదేళ్ళు ఏకబిగిన అక్కడ బతకాలి. ఎంత పొందికైన నిబంధనో చూడండి. మాతో పదేళ్ళు ఉండు, మా తుఫానులు చూడు, మా చావుపుట్టుకల్లో నిలబడు, అప్పుడు నువ్వూ నేనూ 'యుమి'.

2015 మే 28న యూరోపియన్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. వనువాటు పాస్‌పోర్టు చేతిలో ఉంటే, ఐరోపాలో ఒకే వీసాతో తిరగగల షెంగెన్ దేశాలకు వీసా లేకుండా వెళ్ళి 90 రోజులు ఉండే వీలొచ్చింది. అంతకు ముప్పై అయిదేళ్ళ ముందు ఇద్దరు కమిషనర్ల సంతకాలు మోసిన జనం, తమ దేశపు ముద్ర ఒక్కటి చూపించి పారిస్‌లో దిగే రోజు వచ్చింది.

అదే ఏడాది మార్చి 13న పామ్ తుఫాను వాళ్ళను ముంచింది. ఆ మహాసముద్రం చూసిన అతి తీవ్రమైన తుఫానుల్లో అదొకటి. ఇళ్ళు పోయాయి, తోటలు పోయాయి. దేశానికి చెప్పుకోదగ్గ పరిశ్రమలు లేవు. కొబ్బరి, నూరి తాగే కావా వేరు, పశువులు, పర్యాటకులు, అంతే. అప్పటికే 2013లో రాజ్యాంగం సవరించి రెండో పౌరసత్వానికి తలుపు తీశారు. తుఫాను తర్వాత డబ్బు కోసం ఆ తలుపు బార్లా తెరిచారు. ఒక్క మనిషికి లక్షా ముప్పై వేల అమెరికన్ డాలర్లు, మన లెక్కలో కోటి రూపాయల పైన. నెలా రెండు నెలల్లో పాస్‌పోర్టు చేతికొస్తుంది. దీవి మీద కాలు పెట్టనక్కర్లేదు. పదేళ్ళ కాపురం అనే నిబంధన రాజ్యాంగంలో అలాగే ఉండిపోయింది, దాని పక్కనే ఇంకో దారి పడింది. 2020 ఒక్క ఏడాదిలో రెండువేలకు పైగా పాస్‌పోర్టులు అమ్మారు. కొన్నవాళ్ళలో సగానికి పైగా చైనా పౌరులు. ఒక దశలో సర్కారు ఆదాయంలో మూడో వంతుకు పైగా దీని మీదనే వచ్చింది.

ఆ పాలకులను ఒక్క మాటతో కొట్టిపారేయలేను. కూలిన బడి పైకప్పు వేయడానికి డబ్బెక్కడిది అని అడిగితే వాళ్ళ దగ్గర వేరే జవాబు లేదు. 2023 మార్చిలో ఒకే వారంలో రెండు తుఫానులు వచ్చి పడ్డాయి ఆ దేశం మీద. అయినా ఆ అమ్మకం తప్పేనంటాను. పాస్‌పోర్టు ప్రభుత్వం సొత్తు అనుకుంటాం గాని, దాని విలువ జనానిది. మూడు లక్షలమంది బుద్ధిగా మసలుకోబట్టి దాని మీద నమ్మకం ఏర్పడింది. ఆ నమ్మకాన్ని అమ్మడం అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే. ఈ డబ్బు నిలుస్తుందా అంటే అదీ అనుమానమే. పసిఫిక్‌లోనే ఉన్న టోంగా రాజ్యం 1980లలోనే పాస్‌పోర్టులు అమ్మి డబ్బు కూడబెట్టింది. దాన్ని మదుపు చేసే పని ఒక అమెరికన్‌కు అప్పగించారు. రాజుగారు అతనికి ఆస్థాన విదూషకుడనే బిరుదు కూడా ఇచ్చారు. కోట్ల డాలర్లు మట్టిలో కలిశాయి.

కొన్నవాళ్ళ మీద ఐరోపా ఆరా తీసింది. ఇంటర్‌పోల్ జాబితాల్లో ఉన్నవాళ్ళకూ పౌరసత్వం దొరికిందనీ, కాదని తిప్పి పంపిన దరఖాస్తులు దాదాపు లేవనీ, పేరు మార్చుకునే వీలు కూడా ఉందనీ తేల్చింది. ఆ అభ్యంతరాల్లో న్యాయం ఉంది. 2022 మే 4 నుంచి, 2015 మే 25 మొదలు ఇచ్చిన పాస్‌పోర్టులకు వీసా మినహాయింపు ఆపారు. 2023 ఫిబ్రవరి 4 నుంచి మొత్తం పాస్‌పోర్టులన్నిటికీ ఆపారు. అదే ఏడాది జులై 19న బ్రిటన్ కూడా వీసా పెట్టింది. చివరికి 2024 డిసెంబరు 12న ఐరోపా తన వీసా అక్కర్లేని దేశాల జాబితా నుంచి వనువాటు పేరు తీసేసే నిర్ణయం ఖాయం చేసింది. 

ఇందులో మన దేశానికి సంబంధించిన ముడి కూడా ఒకటుంది. ఐపీఎల్ క్రికెట్ పోటీలు మొదలుపెట్టి, ఆర్థిక అవకతవకల ఆరోపణల మధ్య 2010లో దేశం విడిచి వెళ్ళిన లలిత్ మోదీ వనువాటు పౌరసత్వం తీసుకున్నాడనీ, భారత పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేయడానికి లండన్‌లో దరఖాస్తు పెట్టాడనీ 2025 మార్చిలో బయటపడింది. మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. కొద్ది రోజుల్లోనే వనువాటు ప్రధాని జోథమ్ నపట్ ఆ పాస్‌పోర్టు రద్దు చేయమని ఆదేశించాడు. స్వదేశానికి అప్పగింతను తప్పించుకోవడం పౌరసత్వం కోరడానికి తగిన కారణం కాదన్నాడు. అయితే ఆ పని అప్పగింత గొడవ పత్రికలకెక్కాక చేశాడు. పాస్‌పోర్టు ఇచ్చే ముందు అడగాల్సిన ప్రశ్న అది.

ఇక్కడ, ఐరోపా వనువాటు పేరు తీసేసిన ఆ 2024 డిసెంబరు నెలను కాస్త దగ్గర నుంచి చూడండి. 2019లో పోర్ట్ విలాలో న్యాయశాస్త్రం చదువుతున్న 27 మంది పసిఫిక్ విద్యార్థులు, వాతావరణ మార్పు విషయంలో దేశాల బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడగాలని తలపెట్టారు. వాళ్ళ పట్టుదలను వనువాటు ప్రభుత్వం తలకెత్తుకుంది. ఐక్యరాజ్యసమితిని ఒప్పించింది. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో 2024 డిసెంబరు 2న విచారణ మొదలైంది. ముందుగా మాట్లాడింది వనువాటు. 13 దాకా వాదనలు సాగాయి. సముద్రం మా ఊళ్ళను తింటోంది, ఇందులో మా తప్పు లేదు, లోకం జవాబు చెప్పాలి అని అడగడానికి వాళ్ళు వెళ్ళిన హేగ్ కూడా షెంగెన్ దేశంలోనే ఉంది. అక్కడ వాదనలు ఇంకా ముగియకముందే, పన్నెండో తేదీన, ఐరోపా వనువాటు పేరు కొట్టేసింది. అయిదు రోజులు తిరిగేసరికి, 17న, 7.3 తీవ్రతతో భూకంపం పోర్ట్ విలాను కుదిపేసింది. మనుషులు చనిపోయారు. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సు, న్యూజీలాండ్ దౌత్య కార్యాలయాలు ఒకే భవనంలో ఉండేవి. దాని కింది అంతస్తు నలిగిపోయింది.

ఆ విద్యార్థులు గెలిచారు. 2025 జులై 23న న్యాయస్థానం, వాతావరణాన్ని కాపాడడం దేశాలకు చట్టబద్ధమైన బాధ్యతేనని చెప్పింది. ఆ అభిప్రాయం వినడానికి సొంత ఖర్చుతో హేగ్ వెళ్ళాలనుకున్న ఒక వనువాటు కుర్రవాడికి ఏమేం కావాలో చూద్దాం. షెంగెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. వాళ్ళ డబ్బులో దగ్గర దగ్గర 12 వేల వాటూ. అక్కడ కనీస కూలి గంటకు 300 వాటూ. అంటే 40 గంటల కష్టం, ఒక వారం కూలి, దరఖాస్తు బల్ల మీద పెట్టడానికే. వీసా రాకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. ఆపైన 30 వేల యూరోలకు ఆరోగ్య బీమా చూపాలి. బ్యాంకు ఖాతా లెక్కలు చూపాలి. తిరుగు ప్రయాణం, బస, వెళ్ళే పని, తిరిగి వస్తాననడానికి ఊళ్ళో ఉన్న బంధాలు, అన్నీ చూపాలి. పది వేళ్ళ ముద్రలూ ఇవ్వాలి. దుంపలు తవ్వి, కొబ్బరికాయలు ఒలిచి అరిగిన వేళ్ళు ఆ గాజుపలక మీద ఎన్నోసారికి పడతాయో మా అమ్మను అడగండి.

పాస్‌పోర్టు కొన్నవాడి సంగతి? అతనికి రెండో పాస్‌పోర్టు ఉంది, ఒక్కోసారి మూడోదీ ఉంటుంది. వనువాటు తలుపు మూసుకుంటే ఇంకో దీవి తలుపు కొడతాడు. కరీబియన్ సముద్రంలో సెయింట్ కిట్స్ 1984 నుంచీ అమ్ముతోంది. పసిఫిక్‌లోనే నౌరూ కొత్తగా అంగడి తెరిచింది. వనువాటు చట్టం ప్రకారం అతనికి అక్కడ ఓటు కూడా లేదు. అతను ఏనాడూ 'యుమి' కాలేదు, కావాలనీ అనుకోలేదు. శిక్ష పడ్డది అతనికని ఐరోపా అనుకుంటే పొరబడింది.

ఐరోపా తన ఇంట్లో ఇదే తప్పు జరిగినప్పుడు ఏం చేసింది? మధ్యధరా సముద్రంలో మాల్టా ఉంది. అదీ ద్వీపమే, అదీ బుల్లి దేశమే, వనువాటు కంటే నేల చాలా తక్కువ. యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశం. 2014 నుంచి డబ్బు తీసుకుని పౌరసత్వం ఇచ్చింది, వనువాటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ధరకు. ఐరోపా కోర్టుకెళ్ళింది. ఏళ్ళు పట్టింది. 2025 ఏప్రిల్ 29న ఐరోపా న్యాయస్థానం, పౌరసత్వాన్ని వ్యాపారపు సరుకు చేయరాదని తీర్పిచ్చింది. మంచి తీర్పు. అయితే ఈ పదకొండేళ్ళలో మాల్టాలో పుట్టిన ఏ చేపలవాడూ, ఏ పంతులమ్మా ఇటలీ వెళ్ళడానికి వీసా కోసం వరసలో నిలబడలేదు. అక్కడ తప్పు ప్రభుత్వానిది, జవాబు చెప్పింది ప్రభుత్వం. వనువాటులో తప్పు ప్రభుత్వానిది, జరిమానా ఊరందరికీ. ఒకే నేరానికి రెండు దీవుల్లో రెండు న్యాయాలు.

దగ్గరి ఇరుగుపొరుగు ఐరోపా కంటే మెరుగని కూడా అనలేం. సిడ్నీ నుంచి, బ్రిస్బేన్ నుంచి విహార నౌకలు పోర్ట్ విలా రేవుకు వస్తాయి. ఆస్ట్రేలియావాళ్ళు ముందుగా వీసా అనే మాట తలవకుండా దిగి, బజారులో తిరిగి, సాయంత్రానికి ఓడెక్కుతారు. అదే బజారులో అరటిగెలలు అమ్మే అమ్మ బ్రిస్బేన్‌లో ఉన్న కొడుకును చూడాలంటే వీసా కావాలి. కొడుకు అక్కడికెలా వెళ్ళాడంటే పొలం పనికి. 2007 నుంచి న్యూజీలాండ్, తర్వాత ఆస్ట్రేలియా, కోతల కాలానికి దీవుల నుంచి కూలీలను పిలిపించుకుంటున్నాయి. న్యూజీలాండ్ ఆపిల్ తోటలకు, ద్రాక్షతోటలకు అందరికంటే ఎక్కువమంది వెళ్ళేది వనువాటు నుంచే. అక్కడ పదకొండు నెలల్లో ఏడు నెలలే ఉండాలి. పిలిచిన యజమాని దగ్గరే చేయాలి. పెళ్ళాం పిల్లలను ఆ వీసా మీద వెంట తీసుకెళ్ళలేరు. వాళ్ళు పంపిన డబ్బుతోనే ఊళ్ళో సిమెంటు ఇళ్ళు లేచాయన్నది నిజం. పాలమూరు నుంచి, కరీంనగర్ నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళున్న మన ఇళ్ళకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. తండ్రి చేతిలో పెరగాల్సిన పిల్లలు ఫోనులో తండ్రిని చూస్తూ పెరుగుతారు.

అందుకే 2025లో ఆస్ట్రేలియా పెద్ద ఒప్పందంతో ముందుకొచ్చినప్పుడు, వనువాటు ప్రధాని వీసా లేని రాకపోకల మాట ఎత్తాడు. ఒప్పందం పేరు నకమల్. నకమల్ అంటే దీవుల్లో ఊరి పెద్దలు కూర్చుని కావా తాగుతూ మంచిచెడ్డలు మాట్లాడుకునే చోటు, మన రచ్చబండ లాంటిది. పదేళ్ళలో 50 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు ఇస్తామన్నారు. ఆగస్టులో తన్నా దీవిలో, మండే అగ్నిపర్వతం నీడన, రెండు పక్షాలూ ముసాయిదాకు ఒప్పుకున్నాయి. సెప్టెంబరులో ఆస్ట్రేలియా ప్రధాని పోర్ట్ విలా వచ్చినా సంతకాలు కాలేదు. వీసాతో పాటు ఇతర షరతులూ అందులో ఉన్నాయి. కానీ అంత డబ్బు ఎదురుగా పెట్టినప్పుడు, మా జనాన్ని మీ గడపలోకి మనుషుల్లా రానిస్తారా అని ఆ ప్రధాని అడగడం నాకు గౌరవంగా తోచింది. ఒకప్పుడు 62 వేలమందిని ఏ వీసా అడక్కుండా తీసుకెళ్ళిన గడప అది.

నేను కోరుకునేది చెప్పి ముగిస్తాను. వనువాటు పాస్‌పోర్టు అమ్మకం ఆపేయాలి. తుఫానులకు, భూకంపాలకు అయ్యే ఖర్చు, వాతావరణాన్ని చెడగొట్టినవాళ్ళు భరించాలి. అప్పుడు ఆ చిన్న దేశానికి పూచీని అమ్ముకునే అగత్యం ఉండదు. కొన్నవాళ్ళ పాస్‌పోర్టుల మీద ఎన్ని ఆంక్షలైనా పెట్టుకోండి. పుట్టినవాళ్ళకు మాత్రం 2015లో తెరిచిన దారి మళ్ళీ తెరవండి. కొన్నవాణ్ణీ పుట్టినవాణ్ణీ వేరు చేయడం ఎలా అని సరిహద్దు అధికారి అడగనక్కర్లేదు. ఫొటో ఉన్న పేజీలో, పుట్టిన తేదీ పక్కనే, పుట్టిన చోటు రాసే గడి ఒకటి ఉంది. ఆ గడి చదివితే చాలు.